ప్లాస్టిక్ సర్జన్ వేరు... కాస్మెటిక్ సర్జన్ వేరు!

* గోడమీది బోర్డు కాదు... వైద్యుని పట్టా చూడాలి
* దేశంలో 'కాస్మెటిక్ సర్జరీ'కి ప్రత్యేక పీజీ పట్టా లేదు
* కాలిన గాయాలకు, గ్రహణమొర్రికి ఆరోగ్యశ్రీ ఉంది

ఖమ్మం: జుట్టు మార్పిడి, కొవ్వు తొలగింపు, ముక్కు సరిచేయడం, మచ్చల నివారణ... ఒకప్పుడు సినిమా తారలకు, హైదరాబాదు సంపన్నులకు మాత్రమే పరిమితమైన ఈ మాటలు నేడు జిల్లా కేంద్రాల్లోని బోర్డులపై, చేతిలోని సెల్‌ఫోన్‌లో వచ్చే ప్రకటనల్లో నిత్యం కనిపిస్తున్నాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న యువకులు, ఉద్యోగాల వేటలో ఉన్న పట్టభద్రులు వీటిపట్ల ఆకర్షితులవుతున్నారు. అయితే ఆ ప్రకటనల కింద 'కాస్మెటిక్ సర్జన్' అని ఉన్న వ్యక్తి ఏం చదివారు? ఎన్నేళ్లు శిక్షణ పొందారు? కత్తి పట్టే అర్హత ఆయనకు ఉందా? ఈ ప్రశ్నలు అడిగేవారు అరుదు.

మరోవైపు, భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ గ్రామాల్లో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ అంటే డబ్బున్నవారి సోకు అనే అభిప్రాయమే ఎక్కువ. ఫలితంగా నిప్పుల్లో పడి వేళ్లు అతుక్కుపోయిన పిల్లలు, పైపెదవి చీలికతో పుట్టిన శిశువులు తమకు ఉచితంగా అందే చికిత్సకు కూడా దూరంగా ఉండిపోతున్నారు. ఒకచోట అవగాహన లేక అనర్హుల చేతిలో పడటం, మరొకచోట అవగాహన లేక అర్హుల వద్దకు చేరకపోవడం... రెండింటికీ మూలం ఒక్కటే. ప్లాస్టిక్ సర్జన్ ఎవరో, కాస్మెటిక్ సర్జన్ ఎవరో తెలియకపోవడమే.

పేరులోనే తికమక

ప్లాస్టిక్ సర్జరీలో మనం వాడే ప్లాస్టిక్ వస్తువులకు చోటు లేదు. 'మలచడం' అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి ఆ పేరు వచ్చింది. దెబ్బతిన్న చర్మాన్ని, కండరాన్ని, నరాన్ని రోగి శరీరంలోని మరోచోట నుంచి తెచ్చి అతికించి, పోయిన రూపాన్ని, పనిని తిరిగి తీసుకురావడమే ఈ విద్య. కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదాల్లో చితికిన చేతులు, తెగిన వేళ్లు, గ్రహణమొర్రి, క్యాన్సర్ చికిత్సలో తొలగించిన దవడ లేదా రొమ్ము పునర్నిర్మాణం, కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన వేళ్లను సరిచేయడం వంటివన్నీ దీని పరిధిలోనివే.

కాస్మెటిక్ సర్జరీ ఈ పెద్ద శాస్త్రంలో ఒక భాగం మాత్రమే. జబ్బు గానీ, గాయం గానీ లేని వ్యక్తి తన రూపాన్ని మెరుగుపరచుకోవాలని కోరినప్పుడు చేసేది ఇది. అంటే ప్లాస్టిక్ సర్జన్ శిక్షణలో కాస్మెటిక్ సర్జరీ కూడా ఇమిడి ఉంటుంది. కానీ కాస్మెటిక్ సర్జన్‌గా చెప్పుకొనే ప్రతి ఒక్కరూ ప్లాస్టిక్ సర్జన్ కారు. అసలు తేడా ఇదే.

పుట్టింది మన దేశంలోనే

తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి సుశ్రుత సంహితలో వివరంగా ఉంది. టిప్పు సుల్తాను సైన్యం చేతిలో ముక్కు కోల్పోయిన కోవాస్‌జీ అనే బండి తోలేవానికి పుణె ప్రాంతంలో ఒక సంప్రదాయ వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు నిర్మించిన ఉదంతం 1794లో లండన్ పత్రిక 'జెంటిల్మన్స్ మ్యాగజైన్'లో బొమ్మతో సహా ప్రచురితమైంది. దాని ఆధారంగానే జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో లండన్‌లో ఇదే శస్త్రచికిత్స చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిల్లీస్ చేసిన చికిత్సలతో ఇది ఆధునిక వైద్యశాస్త్రంగా రూపుదిద్దుకుంది. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1957లో ఏర్పడింది. ఏటా జులై 15న ప్లాస్టిక్ సర్జరీ దినోత్సవం జరుపుతున్నారు.

పదకొండున్నరేళ్ల చదువు

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే ముందుగా నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ పూర్తిచేయాలి. ఆపై మూడేళ్లు ఎంఎస్ జనరల్ సర్జరీ. అనంతరం జాతీయస్థాయి ప్రవేశ పరీక్షలో అర్హత సాధించి మూడేళ్ల ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ చదవాలి. అన్నీ కలిపితే పదకొండున్నరేళ్లు. ఎంసీహెచ్‌కు సమానంగా జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పట్టా డీఆర్‌ఎన్‌బీ. గతంలో దీన్నే డీఎన్‌బీ అనేవారు. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్లు చదివే డీఆర్‌ఎన్‌బీ కోర్సు కూడా ఉంది.

ఈ ఆరేళ్లలో వైద్యుడు నేర్చుకునేది కేవలం కోయడం, కుట్టడం కాదు. రక్తస్రావం ఆగకపోతే ఏం చేయాలి, అతికించిన చర్మానికి రక్తప్రసరణ నిలిచిపోతే ఎలా కాపాడాలి, మత్తుమందు వికటిస్తే ఏ లక్షణాలు కనిపిస్తాయి అనేవి సీనియర్ల పర్యవేక్షణలో వందలాది రోగుల వద్ద నేర్చుకుంటారు. సాఫీగా సాగే శస్త్రచికిత్సలో ఈ శిక్షణ విలువ బయటకు కనిపించదు. ఏదైనా తేడా వచ్చినప్పుడే తెలుస్తుంది.

మరి కాస్మెటిక్ సర్జన్ సంగతేమిటి?

దేశంలో గుర్తింపు పొందిన వైద్య పట్టాల జాబితాలో కాస్మెటిక్ సర్జరీ పేరుతో విడిగా ఎంఎస్ గానీ, ఎంసీహెచ్ గానీ లేదు. ఆ పేరు పెట్టుకున్నవారు ఎంసీహెచ్ చదివిన ప్లాస్టిక్ సర్జన్ కావచ్చు. చర్మవ్యాధుల్లో ఎండీ చేసినవారు కావచ్చు. ముక్కు, చెవి, గొంతు నిపుణులు కావచ్చు. ఎంబీబీఎస్ తర్వాత కొద్ది నెలల ప్రైవేటు కోర్సు చేసినవారూ కావచ్చు. దంతవైద్యులూ కావచ్చు. బోర్డు మీద పేరు ఒక్కటే, వెనుక ఉన్న చదువులు మాత్రం వేర్వేరు.

అలాగని ఇతర నిపుణులందరినీ తప్పుపట్టనవసరం లేదు. లేజర్ చికిత్స, మొటిమల మచ్చలు, బొల్లి, జుట్టు రాలడం వంటివి చర్మవైద్యుల పరిధిలోనివి. లోపలి వంకరవల్ల శ్వాస అందని ముక్కును ఈఎన్‌టీ నిపుణులు సరిచేస్తారు. కనురెప్పల లోపాలకు కంటి వైద్యుల్లో ప్రత్యేక శిక్షణ పొందినవారున్నారు. విరిగిన దవడ ఎముకలను దంతవైద్యంలో ఎండీఎస్ చేసిన ముఖ, దవడ శస్త్రచికిత్స నిపుణులు అతుకుతారు. ఎవరి చదువు పరిధిలో వారు చేస్తే ఇబ్బంది లేదు. చదువు ఒకటి, చేసే పని మరొకటి అయినప్పుడే ప్రమాదం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో రూపొందించిన నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఒక విభాగంలో ప్రత్యేక అర్హత లేనివారు ఆ విభాగ నిపుణులుగా చెప్పుకోరాదు. పేరు వెనుక గుర్తింపు పొందిన పట్టాలు, వృత్తి పరిజ్ఞానాన్ని తెలిపే అర్హతలు మాత్రమే రాసుకోవాలి. వైద్య మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లో ప్రదర్శించాలి, మందుల చీటీపైనా ముద్రించాలి. రోగులను ఆకర్షించే ప్రకటనలు ఇవ్వరాదు. భారత వైద్య మండలి స్థానంలో 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది. 2023లో తెచ్చిన కొత్త నిబంధనలను నిలిపివేయడంతో 2002 నాటివే అమలవుతున్నాయి.

జుట్టు మార్పిడి విషయంలో జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. కార్యశాలల్లో చూసి, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నంత మాత్రాన ఈ చికిత్సలు చేయడానికి అర్హత రాదని హెచ్చరించింది. వైద్యుల రిజిస్టరులో పేరు లేకుండా వైద్యం చేసేవారికి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

లావు తగ్గిస్తాం, ఎత్తు పెంచుతాం, స్త్రీల వక్షోజాల ఆకృతి మారుస్తాం అంటూ మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి ఔషధాలు, మంత్ర చికిత్సల చట్టం నిషేధించింది. డెబ్బై ఏళ్ల కిందటే చట్టం గుర్తించిన మోసం ఇప్పుడు సెల్‌ఫోన్ తెరపైకి మారిందంతే.

'బోర్డు సర్టిఫైడ్' అంటే?

ఈ మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఒక్కో వైద్య విభాగానికి ఒక్కో బోర్డు ఉండి, శిక్షణ పూర్తిచేసినవారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. 1937లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీని అక్కడి వైద్య విభాగాల బోర్డుల ఉమ్మడి సంస్థ గుర్తించింది. వైద్య విద్య తర్వాత కనీసం ఆరేళ్ల శస్త్రచికిత్స శిక్షణ ఉంటేనే ఆ పరీక్షకు అర్హత. అమెరికన్ బోర్డ్ ఆఫ్ కాస్మెటిక్ సర్జరీ అనే మరో సంస్థ కూడా అక్కడ ఉంది. వేరే విభాగంలో శిక్షణ పొందినవారు అదనంగా ఏడాది ఫెలోషిప్ చేస్తే ఇది ధ్రువపత్రం ఇస్తుంది. ఉమ్మడి సంస్థ గుర్తింపు మాత్రం దీనికి లేదు. రెండు సంస్థల ధ్రువపత్రాలు పొందినవారూ తమను బోర్డు సర్టిఫైడ్ అనే చెప్పుకొంటారు. అందుకే అక్కడి ప్రజలకు ఇచ్చే సలహా ఒక్కటే: ఏ బోర్డు అని అడగండి.

ఆస్ట్రేలియా మరో అడుగు ముందుకు వేసింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ లేని వైద్యులు 'సర్జన్' అనే పదాన్నే వాడరాదంటూ 2023 సెప్టెంబరు నుంచి చట్టాన్ని అమల్లోకి తెచ్చింది.

మన దేశంలో అలాంటి బోర్డుల విధానం లేదు. ఇక్కడ చూడవలసింది విశ్వవిద్యాలయమిచ్చే ఎంసీహెచ్ లేదా జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ పట్టా. ప్రకటనలో 'ఇంటర్నేషనల్ బోర్డు సర్టిఫైడ్' అని ఉంటే అది ఏ దేశపు బోర్డో, మన వైద్య మండలి రిజిస్టరులో ఆ అర్హత నమోదైందో లేదో అడిగి తెలుసుకోవాలి.

చిన్న చికిత్స అనుకుంటే...

తెలుగు సినీ నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నారని, గుండె ఆగిపోవడంతో మరణించారని ఆమె ప్రతినిధి అప్పట్లో పత్రికలకు తెలిపారు. లైపోసక్షన్ అనే మాట తెలుగునాట ఇంటింటికీ తెలిసింది ఆ వార్తతోనే. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి ఇలాంటి చికిత్స అనంతరం కన్నుమూశారు. ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరులో జుట్టు మార్పిడి చేయించుకున్న ఇద్దరు ఇంజినీర్ల మరణాలు 2025లో వెలుగులోకి రాగా, చికిత్స చేసిన దంతవైద్యురాలిపై పోలీసులు కేసు నమోదు చేశారు.

లైపోసక్షన్‌లో చర్మం కింద ముందుగా మత్తుమందు, రక్తనాళాలను సంకోచింపజేసే మందు కలిపిన ద్రవాన్ని ఎక్కిస్తారు. తర్వాత సన్నని గొట్టంతో కొవ్వును పీల్చివేస్తారు. మత్తుమందు మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. కొవ్వు కణాలు రక్తంలో చేరి ఊపిరితిత్తులకు వెళితే శ్వాస ఆడదు. గొట్టం లోతుగా దిగితే పేగులకు రంధ్రం పడవచ్చు. ఒకే విడతలో 5 లీటర్లకు మించి తీస్తే దాన్ని భారీ చికిత్సగా పరిగణించి, రోగిని రాత్రంతా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి. ఇది బరువు తగ్గించే వైద్యం కాదు. ఆహార నియమాలకు, వ్యాయామానికి లొంగని చోట పేరుకున్న కొవ్వును తీసి ఆకృతి సరిచేయడానికే ఉద్దేశించినది. జుట్టు మార్పిడి కూడా గంటల తరబడి మత్తు సూదులతో సాగే చికిత్సే. అత్యవసర మందులు, ప్రాణవాయువు అందుబాటులో లేని గదిలో చేయవలసినది కాదు.

పట్టా ఒక్కటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2016 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒక యువకుడు ఇంట్లో తెలియకుండా కాళ్ల ఎముకలు కోయించుకుని ఎత్తు పెంచుకునే శస్త్రచికిత్సకు సిద్ధపడిన ఉదంతం కలకలం రేపింది. అర్హత ఉన్న వైద్యుడు కూడా ఆ చికిత్స ఆ వ్యక్తికి నిజంగా అవసరమా అని ఆలోచించాలి. మంచి ప్లాస్టిక్ సర్జన్ తన వద్దకు వచ్చినవారిలో కొందరిని వద్దని చెప్పి తిప్పిపంపుతారు. అందరికీ సరేననే చోట ఆగి ఆలోచించడం మేలు.

అడవి అంచున అసలు అవసరం

వేసవిలో ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామునే అడవికి వెళ్లే గిరిజనులకు ఎలుగుబంట్లు ఎదురవుతుంటాయి. ఎలుగు ఎక్కువగా ముఖంపైనే దాడి చేస్తుంది. కన్ను, ముక్కు, బుగ్గ చీలిపోతాయి. ఇలాంటి గాయాన్ని పైపైన కుట్టివేస్తే లోపల చీము పట్టి, ముఖం శాశ్వతంగా వంకరపోతుంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో ప్రథమ చికిత్స, రేబిస్, ధనుర్వాత నివారణ సూదులు తీసుకున్న తర్వాత ఆలస్యం చేయకుండా ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, నిమ్స్‌లలో ఈ విభాగాలున్నాయి. కాలిన రోగుల కోసం ఉస్మానియాలో 2021లో చర్మనిధి కూడా ప్రారంభమైంది.

కాలిన గాయం మానినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. మానే క్రమంలో చర్మం ముడుచుకుపోయి మెడ ఛాతీకి, చేయి చంకకు, వేళ్లు అరచేతికి అతుక్కుపోతాయి. పిల్లల్లో ఎముక పెరుగుదల కూడా దెబ్బతింటుంది. దీన్ని శస్త్రచికిత్సతో విడదీయవచ్చు. ఎంత త్వరగా చేస్తే ఫలితం అంత మెరుగు. గ్రహణమొర్రి ఉన్న శిశువుకు మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, మాటలు వచ్చే వయసులోపే అంగిలికి శస్త్రచికిత్స చేయిస్తే మాట స్పష్టంగా వస్తుంది. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టడం వల్ల ఇది వచ్చిందన్నది అపోహ మాత్రమే.

ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కాలిన గాయాలకు, వాటి వల్ల ఏర్పడిన ముడుతలకు, గ్రహణమొర్రికి వర్తిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబానికి పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. కేవలం అందం కోసం చేసే చికిత్సలకు ఇది వర్తించదు. ప్లాస్టిక్ సర్జరీకి, కాస్మెటిక్ సర్జరీకి ఉన్న తేడా పేదవానికి నేరుగా ఉపయోగపడేది ఇక్కడే. కాలిన చేతిని విడదీయడం సోకు కాదు, అది హక్కు.

2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి తెలుగు ప్రజలు మరువలేనిది. ఇలాంటి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడా పునర్నిర్మాణ శస్త్రచికిత్సలతో సహా పూర్తి వైద్యం ఉచితంగా అందించాలని సుప్రీంకోర్టు 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షను ప్రకారం ఏ ఆసుపత్రీ వారిని తిప్పిపంపడానికి వీల్లేదు.

శస్త్రచికిత్సకు ముందు అడగవలసినవి

* వైద్యుని పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య తెలుసుకోవాలి. తెలంగాణ వైద్య మండలి, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లలో ఆ వివరాలను ఎవరైనా సరిచూసుకోవచ్చు.

* ఎంబీబీఎస్ ఒక్కటే నమోదైందా, ఎంఎస్, ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ కూడా ఉన్నాయా, ఏ విభాగంలో ఉన్నాయి అన్నది చూడాలి.

* శస్త్రచికిత్స స్వయంగా ఆ వైద్యుడే చేస్తారా, లేక మాట్లాడేది ఒకరు, చేసేది మరొకరా అని అడగాలి.

* మత్తు ఇచ్చేందుకు అర్హత ఉన్న మత్తు వైద్యుడు ఉంటారా? పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తరలిస్తారు?

* ఆశించదగిన ఫలితం, రాగల ముప్పు, ఇతర మార్గాలు, పూర్తి ఖర్చు రాతపూర్వకంగా కోరాలి. రోగికి అర్థమయ్యేలా వివరించి తీసుకున్న అంగీకారమే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పునిచ్చింది. తెలియని భాషలోని కాగితంపై సంతకం చేయరాదు.

* 'ఈ రోజే కడితే సగం ధర' అంటే తొందరపడవద్దు. అందం కోసం చేసే శస్త్రచికిత్సలో అత్యవసరమన్నదే ఉండదు. మరో వైద్యుని అభిప్రాయం తీసుకునేందుకు వ్యవధి ఎప్పుడూ ఉంటుంది.

నష్టం జరిగితే ఏం చేయాలి?

ముందుగా ప్రాణం ముఖ్యం. చికిత్స తర్వాత ఊపిరి అందకపోయినా, తీవ్ర జ్వరం వచ్చినా, వాపు, నొప్పి పెరుగుతున్నా క్లినిక్ ఫోను కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగమున్న ఆసుపత్రికి వెళ్లాలి. 108కు ఫోను చేయవచ్చు.

తర్వాత వైద్య రికార్డులు కోరాలి. అడిగిన 72 గంటల్లో వాటిని ఇవ్వాలని 2002 నిబంధనలు చెబుతున్నాయి. వైద్యుని ప్రవర్తనపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించాలి. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చిచెప్పింది. రసీదులు, మందుల చీటీలు, చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఫొటోలు, ప్రకటన ప్రతి భద్రపరచుకుంటే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.

బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు చూస్తాం. పొలం కొనేటప్పుడు పాస్‌బుక్కు చూస్తాం. శరీరాన్ని కత్తికి అప్పగించేటప్పుడు ఆ పాటి విచారణ చేయడం వైద్యుణ్ని అవమానించినట్టు కాదు. అర్హత ఉన్న వైద్యుడు తన రిజిస్ట్రేషన్ సంఖ్య చెప్పడానికి వెనుకాడరు. అడిగితే విసుక్కునే చోట శస్త్రచికిత్స చేయించుకోకపోవడమే క్షేమం.